పదివేల అడుగుల పైన అమ్మ సంతకం

మా అమ్మాయి కృత్తిక హిమాలయాల్లో ట్రెక్కింగుకు వెళ్తానన్నప్పుడు నేను వద్దనలేదు. అనడానికి నోరు పెగల్లేదు, అంతే. పొయ్యి మీద చల్లమిరపకాయలు నల్లగా మాడిపోయాయి. ఆ ఘాటుకు మా ఆయన దగ్గుకుంటూ వీధిలోంచి లోపలికొచ్చి, "ఎవరైనా పోయారా ఏంటి?" అని అడిగారు.

"ఇంకా లేదు," అన్నాను.

మాది మండపేట. మా ఊళ్ళో ఎత్తైనది ఏదైనా ఉందంటే అది వాటర్ ట్యాంకు. దాని మెట్లు కూడా నేను మా అమ్మాయిని ఎక్కనివ్వలేదు. అలాంటి పిల్ల హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. ఆ ఆఫీసులో సెలవు పెట్టి కొండెక్కి రానివాళ్ళని మనుషుల్లో జమకట్టరట. వెళ్ళొచ్చినవాళ్ళు పెదాలు పగిలి, ముక్కు మీద తోలు ఊడి, "నన్ను నేను కనుక్కున్నాను" అంటారట. అంతకుముందు ఎక్కడ పారేసుకున్నారో మాత్రం చెప్పరు.

ట్రెక్కింగు కంపెనీ వాళ్ళ కాగితం నాకు చూపించింది. ఎనిమిది రోజులు, నాలుగు కొండ పల్లెలు, చివర ఒక కనుమ, పదమూడు వేల ఎనిమిది వందల అడుగుల ఎత్తు. 'గ్రామీణుల స్వచ్ఛమైన జీవితంలో మమేకం కండి' అని పెద్ద అక్షరాల్లో ఉంది. మమేకమయ్యేటప్పుడు చెయ్యి గానీ కాలు గానీ పోతే కంపెనీకి సంబంధం లేదని సన్న అక్షరాల్లో ఉంది. నేను చదివింది ఎనిమిదో తరగతే. అయినా ఏ కాగితమైనా సన్న అక్షరాల నుంచే మొదలుపెడతాను.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. గుడారం జిప్పు లోపలి నుంచి ఇరుక్కుపోతే? అక్కడ గాలి పల్చగా ఉంటుందట, నిద్రలో పీల్చుకోవడం మర్చిపోతే? జడల బర్రె తొక్కితే? తొక్కకుండా మీద పడుకుంటే?

అందుకని ఉన్నత పర్వత పాదచార భద్రతా మండలికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. అడ్రసు కంపెనీ కాగితం వెనకాలే ఉంది. నాకొచ్చింది తెలుగు కాబట్టి తెలుగులోనే రాశాను. పదకొండు ఉత్తరాలకు జవాబు లేదు. పన్నెండో ఉత్తరంలో విసిగిపోయి ఒకే ఒక్క ముక్క రాశాను. 'పిల్లల్ని కొండెక్కించే ముందు కన్నతల్లిని ఒక్క మాట అడిగారా?'

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఉత్తరం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు.

దాని సారం ఇది. పదివేల అడుగులకు పైబడిన ఎత్తులో, రోజుకు ఐదు వందల అంగలకు మించి నడవదలచిన ఏ వ్యక్తి అయినా కన్నతల్లి అంగీకారం పొందవలెను. సదరు తల్లి స్వయంగా కార్యాలయానికి విచ్చేసి, అధికారి ఎదుట సంతకం చేయవలెను. తల్లి మనసు దినదినమూ మారునది గనుక ఏ రోజు సంతకం ఆ రోజుకే చెల్లును.

"ప్రభుత్వం ఉందండీ," అన్నాను మా ఆయనతో, కళ్ళు తుడుచుకుంటూ. "మనలాంటివాళ్ళ మాట కూడా వింటుంది."

ఆయన కాగితం రెండుసార్లు చదివారు. "'ఏ వ్యక్తి అయినా' అని ఉందేంటి?"

"మంచిదే కదా. అందరి పిల్లలూ క్షేమంగా ఉంటారు."

కృత్తిక మాత్రం ఫోన్లో గయ్యిమంది. "అమ్మా, నువ్వేం చేశావో నీకు అర్థమవుతోందా? మేం ఆల్రెడీ కొండ కింద ఊరికి వచ్చేశాం!"

"అక్కడే ఉండు. నేనొస్తున్నా," అన్నాను. సంతకం పెట్టడానికి వెళ్ళాను అనుకుంటారేమో. పెట్టకుండా ఉండటానికి వెళ్ళాను. పెట్టనని ఇంట్లో కూర్చుని చెబితే ఏం బావుంటుంది?

ద్రాక్షారామంలో ఉన్న మా అమ్మ వరహాలమ్మకు ఈ సంగతి చెప్పలేదు. ఆవిడకు ఎనభై మూడేళ్ళు. ఊరికే భయపడుతుంది. అన్నవరంలో కొన్నాళ్ళు ఉండి వస్తానని చెప్పి రైలెక్కాను.

రెండు రోజులు రైలు, ఒక రోజు బస్సు, ఆపైన జీపు. జీపులో నేను కళ్ళు మూసుకుని, కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. ఆ డ్రైవరు క్షేమంగా చేర్చాడంటే అందులో సగం పుణ్యం నా కాలిదే. ఊరి పేరు ఠాంగ్రీ, ఎత్తు పదివేల నాలుగు వందల అడుగులు. జీపు సరిగ్గా మండలి కార్యాలయం గుమ్మం ముందు ఆగింది.

లోపల ఉన్న అధికారి మనవాడే. పొట్నూరు కామేశ్వరరావుగారు, బొబ్బిలి. మండలి మొత్తం మీద తెలుగు చదవగలిగినవాడు ఆయనొక్కడే కావడంతో నా పన్నెండు ఉత్తరాలూ ఆయన బల్ల మీదికే చేరాయి.

"రండి, మాతృమూర్తీ!" అని లేచి నిలబడ్డారు. "తమ పన్నెండవ లేఖలోని ఏకవాక్యమే మా ఉత్తర్వుకు బీజం. అంతకుముందు ఈ పర్వతాలు మాతృ ప్రమేయం లేకుండా నిర్వహింపబడుచుండెడివి."

నేను గోంగూర పచ్చడి సీసా ఇచ్చాను. ఆయన గాభరాపడ్డారు. "కానుకలు స్వీకరించరాదండి." కాసేపు సీసా వైపు చూసి, "దీనిని స్వీకరించుట లేదు, పరిశీలనార్థం నిలుపుకొనుచున్నాను," అని అలమారులో పెట్టి తాళం వేశారు. మర్నాడు సగం పరిశీలన అయిపోయింది.

ఆయన ఈ ఊరికి వచ్చి ఏడాదైంది. ఉత్తర్వు వచ్చిన దగ్గర్నుంచి పొద్దున్నే కార్యాలయం చుట్టూ నాలుగు వందల తొంభై తొమ్మిది అంగలు నడిచి, టక్కున ఆగిపోతారు. వాళ్ళమ్మగారు బొబ్బిలి నుంచి రాలేరు కదా. "నిబంధన పెట్టినవాడే నిబంధన మీరరాదు," అన్నారు. అంత నిఖార్సయిన మనిషిని నేను చూడలేదు. ఊరి చివర ఇప్పుడెలా ఉందో కూడా ఆయన బైనాక్యులర్స్‌లోంచే చూస్తారు.

కృత్తిక పరుగెత్తుకొచ్చింది. తొమ్మిదిమంది వచ్చిన జట్టులో ఎనిమిదిమంది వెనక్కి వెళ్ళిపోయారట. వాళ్ళమ్మలకు మోకాళ్ళ నొప్పులు, రాలేమన్నారట.

"వచ్చేశావు కదా, ఒక్క సంతకం పెట్టవే అమ్మా. రేపు పొద్దున్నే నోర్బూ అన్నతో బయల్దేరతా." నోర్బూ అంటే వాళ్ళ గైడు, ఈ ఊరివాడే.

"ముందు ఇది పెట్టుకో," అని సంచిలోంచి కోతి టోపీ తీశాను. ప్రయాణంలో అల్లినది. నారింజ రంగు ఊలు, మంచులో పడిపోయినా మైలు దూరానికి కనిపిస్తుంది.

"చచ్చినా పెట్టుకోను."

"అందుకే పెట్టుకోమంటున్నా."

మేమిలా అనుకుంటూ ఉండగానే గుమ్మంలోకి ఒక ముసలావిడ వచ్చింది. నడుముకు కొడవలి, వీపుకు బుట్ట. పేరు పాల్మో, వయసు డెబ్బై తొమ్మిది, నోర్బూకి తల్లి. ఆవిడ హిందీ నాకు సగం అర్థమైంది, ఎందుకంటే చిన్నప్పుడు హిందీ ప్రాథమిక పరీక్ష పాసయ్యాను. మిగతా సగం కృత్తిక చెప్పింది. ఊరి పైన బీడులో గడ్డి ఎదిగి నిలబడి ఉంది. మంచు పడేలోగా దాన్ని కోసి, ఎండబెట్టి, మిద్దెల మీదికి చేర్చాలి. చలికాలం ఆరు నెలలూ పశువులు తినేది అదే. బీడుకు వెయ్యీ తొమ్మిది వందల అంగలు. ఉత్తర్వు వచ్చిన దగ్గర్నుంచి రోజూ వచ్చి అడుగుతోంది.

"తల్లి అంగీకారం?" అన్నారు కామేశ్వరరావుగారు.

"మా అమ్మ పోయి నలభై ఏళ్ళయిందని నిన్న కూడా చెప్పాను."

"మృతి చెందిన తల్లి అంగీకారం తెలుపలేదు. తెలుపలేదు గనుక నిరాకరించినట్లే భావించవలసి ఉంటుంది."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. ఏ తల్లి మాత్రం డెబ్బై తొమ్మిదేళ్ళ పిల్లని కొడవలి ఇచ్చి కొండ మీదికి పంపుతుంది?

తల్లులు బతికే ఉన్నవాళ్ళ పని కూడా జరగడం లేదు. నోర్బూ వాళ్ళమ్మను చూపించి, "ఇదిగో మా అమ్మ, సంతకం పెట్టించుకోండి," అన్నాడు. కామేశ్వరరావుగారు జనన ధ్రువీకరణ పత్రం అడిగారు. ఆ ఊళ్ళో కాన్పులన్నీ ఇళ్ళల్లోనే. ఒక్కరికీ కాగితం లేదు.

"కాగితాల ప్రకారం," అని ఆయన రిజిస్టరు మూశారు, "ఠాంగ్రీ గ్రామమందు అరవై ముగ్గురు జనాభా కలదు. వారిలో ఎవరికినీ తల్లి లేదు."

గుమ్మం ముందు నుంచి ఒక ఆవు, దాని వెనకాల దూడ, తీరిగ్గా పై బీడు వైపు నడిచి వెళ్ళాయి. వాటిని ఎవరూ ఏమీ అడగలేదు.

"పశువులు వ్యక్తి నిర్వచనంలోకి రావు," అన్నారాయన, నా చూపు గమనించి.

పాల్మో ఏదో అంది. కృత్తిక నవ్వాపుకుంటూ చెప్పింది. "వచ్చే జన్మలో దూడగా పుడతానంటోంది. అప్పుడైనా తన ఊళ్ళో తను నడవొచ్చట."

*

అరవై ముగ్గురు ఒకేసారి తల్లి లేనివాళ్ళయ్యేసరికి మండలికి కూడా కష్టంగానే అనిపించింది. నాలుగో రోజున సవరణ వచ్చింది. తల్లి లేనివారికి, కార్యాలయంలో హాజరై ఉన్న ధ్రువీకృత తల్లి ఎవరైనా ప్రాతినిధ్యం వహించవచ్చును.

ధ్రువీకృత తల్లి అంటే నేనే. నా ప్లాస్టిక్ కవర్లో కృత్తిక పుట్టిన సర్టిఫికెట్టు, టీకాల కార్డు, రేషను కార్డు, మా అమ్మ ఆధార్ జిరాక్సు, అన్నీ మూడేసి కాపీలు ఉన్నాయి. ఎప్పుడు ఏం పోతుందో అని ఎక్కడికి వెళ్ళినా పట్టుకెళ్తాను. కామేశ్వరరావుగారు ఆ కవరు చూసి చేతులు జోడించారు.

నాకొక బల్ల, ఒక కుర్చీ, ఒక రబ్బరు స్టాంపు ఇచ్చారు. స్టాంపు మీద 'తల్లి' అని చెక్కి ఉంది. కింద తేదీ మార్చుకునే చక్రం.

"విధానం సులువు," అన్నారు. "ప్రతి అర్జీదారునీ మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడికి? ఎవరితో? ఎప్పటికి తిరిగి వస్తావు?"

ఇరవై ఆరేళ్ళుగా నేనడుగుతున్నవి ఆ మూడే. కృత్తిక ఏనాడూ నిలబడి జవాబు చెప్పలేదు. ఇక్కడ ఊరు ఊరంతా వరసలో నిలబడి చెప్పింది.

మొదటివాడు నోర్బూ. నలభై నాలుగేళ్ళు. కనుమ దాటొస్తానన్నాడు.

"ఇప్పటికి ఎన్నిసార్లు దాటావు బాబూ?"

"రెండు వందల సార్లు పైనే, మాతాజీ."

"రెండు వందల సార్లు తప్పించుకున్నావన్నమాట. చాలు నాయనా," అని అర్జీ వెనక్కిచ్చాను.

పాల్మో వచ్చింది. "నీకు ఈ వయసులో కొడవలి ఎందుకమ్మా?" అన్నాను. ఆవిడ వెనకాల ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు, వాగు దాటి వంట చెరకు తెస్తామని. వాగులో నీళ్ళున్నాయా అని అడిగాను. ఉన్నాయన్నారు. ఇంక మాట్లాడేదేముంది? ఒకావిడ మిద్దె మీద జల్దారు పళ్ళు ఎండబెట్టుకుంటానంది. మిద్దెకు పిట్టగోడ లేదు. ఆవిడకు రెండు రోజులుగా తలనొప్పి కూడా ఉందట. వేడి నీళ్ళు తాగించి ఇంటికి పంపాను.

అనుకుంటాం గానీ, అరవై ముగ్గురు పిల్లల తల్లి పడే పాట్లు చెబితే తెలిసేవి కావు. ఒక్క పిల్లకు భయపడితేనే నాకు అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఊళ్ళో ఎవరు దగ్గినా లేచి కూర్చునేదాన్ని. అయినా వారం రోజులపాటు ఒక్క స్టాంపు కూడా వెయ్యలేదు. కృత్తికకు కూడా. అందరు పిల్లలూ ఒకటే కదా.

కామేశ్వరరావుగారు పైకి నివేదిక పంపారు. 'ప్రమాదములు: శూన్యం. కదలికలు: శూన్యం.'

మండలి చరిత్రలో ఎప్పుడూ ఇలాంటి అంకెలు రాలేదట. ఉపాధ్యక్షులవారు స్వయంగా హెలికాప్టర్లో వచ్చారు, ఠాంగ్రీని 'ప్రమాద రహిత ఆదర్శ గ్రామం'గా ప్రకటించడానికి. హెలికాప్టరు దిగిన చోటి నుంచి వేదిక ఆరు వందల అంగల దూరం. రెండు మెట్లు దిగేసరికే ఆయనకు ఆయాసం వచ్చింది. ఆయనకు తల్లిగారు లేరు కాబట్టి కామేశ్వరరావుగారు నా వైపు చూశారు. నేను ఆయన్ను పైనించి కిందికి చూశాను. ఎర్రటి మొహం, పెద్ద బొజ్జ, జారే బూట్లు.

"బీపీ ఉందా బాబూ?"

"నూట అరవై," అన్నారాయన పొరపాటున.

"వద్దులే నాయనా."

చేసేదేమీ లేక వేదికనే ఊడదీసి హెలికాప్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. దాన్ని కూడా ఒక్కొక్కరు ఐదు వందల అంగలు మోసి, పక్కవాడికి అందించి కూర్చున్నారు. ఉపాధ్యక్షులవారు మైకులో, "పర్వతారోహణలో ప్రమాదం పర్వతం వల్ల కాదు, ఆరోహణ వల్ల సంభవించుచున్నదని ఈ గ్రామం ప్రపంచానికి చాటినది," అన్నారు. ఊరివాళ్ళు ఇళ్ళ ముందు కూర్చునే చప్పట్లు కొట్టారు. ఆయన వెళ్ళిపోతూ నాకు శాలువా కప్పారు. చలికి పనికొచ్చింది.

*

మర్నాడు పాల్మో అర్జీ లేకుండా వచ్చి నా బల్ల ముందు నేల మీద కూర్చుంది. బుట్ట లేదు, కొడవలి మాత్రం ఉంది. కృత్తికను పిలిచి, "నేను చెప్పేది చెప్పినట్టు మీ అమ్మకు చెప్పు. తియ్యగా మార్చకు," అంది.

కృత్తిక మార్చలేదు.

"పొద్దున్న పడమటి కొండకొమ్ము మీద మబ్బు చూశావా? ఆ మబ్బు కూర్చుంటే నాలుగు రోజుల్లో మంచు. గడ్డి దాని కింద పడిపోతే మళ్ళీ వైశాఖంలో గానీ బయటికి రాదు. అప్పటికి తినడానికి ఆవులుండవు. నువ్వు నన్ను జారిపడకుండా కాపాడావు. సంతోషం. నా ఆవును ఎవరు కాపాడతారు? దాని పాలు తాగే నా మనవరాల్ని ఎవరు కాపాడతారు?"

"పడిపోతావనే కదా అమ్మా నా భయం," అన్నాను.

"నాకు నడక వచ్చింది ఆ బీడులోనే. మా అమ్మ గడ్డి కోస్తూ నన్ను అక్కడ వదిలేసేది. మా అమ్మకూ భయం ఉండేది. దేనికో తెలుసా? నేను ఎప్పుడైనా మీ మైదానాలకు పోతానేమోనని. అక్కడ రోడ్డు మీద లారీలు మనుషుల మీదకే వస్తాయట కదా." కొడవలి నేల మీద పెట్టింది. "ఈ పిల్ల మీ పట్నంలో రోజూ రోడ్డు దాటుతుంది. రోజూ సంతకం పెడుతున్నావా?"

కృత్తిక ఈ ముక్క చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

నిజమే. హైదరాబాదులో కృత్తిక ఆఫీసుకు వెళ్ళాలంటే ఆరు వరసల రోడ్డు దాటాలి. ఒకసారి చూశాను, కళ్ళు మూసుకున్నాను. దానికి సంతకం అడిగినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి పెట్టలేదు. అడిగి ఉంటే పెట్టేదాన్ని కాదు. పెట్టకపోతే ఆ పిల్లకు ఉద్యోగం లేదు.

"అమ్మా," అంది కృత్తిక మెల్లగా. "నేను కనుమ ఎక్కనులే. నన్ను నేను కనుక్కోనూ వద్దు. వీళ్ళతో వెళ్ళి గడ్డి కోస్తా. నాలుగు రోజులే. వీళ్ళకు వేసి నాకూ వెయ్యి స్టాంపు."

"ఆ పైన గాలి…"

"ఉంటుందమ్మా."

చక్రం తిప్పి తేదీ మార్చాను. అరవై ముగ్గురికి అరవై మూడు. ప్రతిదానికీ ఆ మూడు ప్రశ్నలూ లోలోపల అడుక్కున్నాను, అయినా వేశాను. చివరిది కృత్తికది. సిరా సరిగ్గా పడలేదని రెండుసార్లు వేశాను.

కామేశ్వరరావుగారు ఆ బొత్తి చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అరవై నాలుగు అంగీకారములు, అదీ ఏకకాలంలోనా? ఇంతమంది సంతానం మీద ఒక తల్లి శ్రద్ధ ప్రసరించగలదని మండలికి నమ్మకం ఎలా కలుగుతుంది?"

"ఏం చెయ్యమంటారు?"

ఆయన ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే నాకు భయం. "శ్రద్ధా నిరూపణ అవసరం. తాము స్వయంగా ఆ బీడునకు విచ్చేసి, సంతానాన్ని కళ్ళారా పర్యవేక్షించాలి."

"సరే, వెళ్తాను," అన్నాను. ఇంకొకరికైతే వద్దనేదాన్ని.

"వెయ్యీ తొమ్మిది వందల అంగలు," అన్నారాయన మృదువుగా. "తాము కూడా ఏ వ్యక్తి అయినా కిందికే వస్తారు, మాతృమూర్తీ. తమ తల్లిగారి అంగీకారం కావాలి. ఎనభై దాటిన తల్లులకు ఫోను ద్వారా వెసులుబాటు కలదు. సంభాషణను అక్షరం పొల్లు పోకుండా నేను నమోదు చేయవలసి ఉంటుంది."

కార్యాలయం వెనక ఒక బండ మీద మాత్రమే సిగ్నలు వస్తుంది. నేను బండ ఎక్కాను. ఆయన కింద కుర్చీ వేసుకుని, ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నారు, మొహం నా వైపు, వీపు కొండ వైపు.

"అమ్మా, నేనే సత్యవాణిని."

"ప్రసాదం తీసుకున్నావా? సత్యదేవుడి దర్శనం బాగా అయిందా?"

"అమ్మా… నేను అన్నవరంలో లేను. హిమాలయాల్లో ఉన్నా."

చాలాసేపు ఏమీ వినపడలేదు. "నిశ్శబ్దం. సుమారు పది సెకన్లు," అని కామేశ్వరరావుగారు రాసుకున్నారు.

"ఎక్కడికి వెళ్తున్నావే?" అంది మా అమ్మ. "ఎవరితో? ఎప్పుడొస్తావు?"

"గడ్డి కొయ్యడానికమ్మా. కాదు, కోసేవాళ్ళని చూడటానికి. దగ్గరే. నువ్వు 'సరే' అంటే చాలు."

"ఎందుకంటాను? మేడ మెట్లు ఎక్కడానికి భయపడేదానివి నువ్వు! యాభై మూడేళ్ళొచ్చాయి, బుద్ధి రాలేదు. మోకాళ్ళకు నూనె రాస్తున్నావా? అక్కడ గాలి పల్చగా ఉంటుందట కదే, నిద్రలో పీల్చుకోవడం మర్చిపోతే?"

నేను బతిమాలాను. ఆవిడ ఏడిచింది. నేనూ ఏడిచాను. కామేశ్వరరావుగారు ఎవరు ముందు ఏడ్చారో అడిగి సరిచేసుకున్నారు. పావుగంట గడిచింది. మా అమ్మ వద్దన్న ప్రతి మాటా నేను ఎప్పుడో ఒకప్పుడు కృత్తికతో అన్నదే. కొన్నయితే ఈ వారంలోనే అన్నాను.

కళ్ళు తుడుచుకుని తల ఎత్తేసరికి కొండ కనిపించింది.

కామేశ్వరరావుగారి తలకు పైన, ఊరి ఇళ్ళకు పైన, కాలిదారి మీద చీమల బారులా మనుషులు. బుట్టలతో, కొడవళ్ళతో. ముందున్న చీమ నడుము వంగి ఉంది, అందరికంటే వేగంగా ఎక్కుతోంది. అది పాల్మో. ఊరు మొత్తం చప్పుడు చెయ్యకుండా బయల్దేరిపోయింది. పడమటి కొమ్ము మీద మబ్బు అలాగే కూర్చుని ఉంది.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అరవై రెండు వచ్చారు. మళ్ళీ లెక్కపెట్టాను, అరవై మూడు. ఒకరు తక్కువ. వాలు మీద రాళ్ళున్నాయి. ఆ పక్కన లోయ ఉంది. చెవి దగ్గర మా అమ్మ, "వింటున్నావా? అయ్యో, మాట్లాడవేమే?" అంటోంది. అప్పుడు వరస చివర, ఒక మలుపు వెనకనుంచి, నారింజ రంగు చుక్క ఒకటి బయటికొచ్చింది. ఆగింది. ఇటు తిరిగి, చెయ్యెత్తి ఊపింది. మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

అరవై నాలుగు.

కామేశ్వరరావుగారు నా మొహం చూసి, మెల్లగా వెనక్కి తిరిగి కొండ వైపు చూశారు. "ఏమిటవి? ఏవో కదలికలు కనిపిస్తున్నాయి."

జన్మలో ఏ ఆఫీసరు ముందూ అబద్ధం చెప్పలేదు. ఇదే మొదటిసారి.

"ఆవులండి."

ఆయన బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. వీపు కాస్త నిటారుగా అయింది, మళ్ళీ సర్దుకుంది.

"కొడవళ్ళు ఉన్నాయి," అన్నారు.

"ఈ ప్రాంతం ఆవులు కోసుకుని తింటాయండి."

ఆయన బైనాక్యులర్స్ దించి, రిజిస్టరు ఒళ్ళోకి తీసుకుని, కలం తెరిచారు. 'పశువులు, అరవై నాలుగు. వ్యక్తి నిర్వచనంలోకి రావు,' అని పైకి చదువుతూ రాశారు. కలం మూయబోయి, ఆగారు. తల ఎత్తకుండానే అడిగారు.

"ఆ చివరిది, నారింజ రంగు టోపీ పెట్టుకున్న ఆవు. అది ఎవరిది?"

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"అది మాదేనండి."